గాలివాన వెలిసిన తర్వాతి కథ

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల మన ఎనిమిదో తరగతి పిల్లలు చారిత్రక కథలు చదువుతున్నారు, రాస్తున్నారు. కరువో వరదో తుపానో మీదపడినప్పుడు ఒక కుటుంబం ఎలా నిలదొక్కుకుందో చెప్పే కథలవి. ఈ వయసులో ఇంత విషాదం అవసరమా అని మీలో కొందరు అడిగారు. అవసరమేనని గట్టిగా నమ్ముతున్నాను. కోనసీమ పిల్లలకు గాలివాన కొత్త కాదు. అది వెలిశాక మనవాళ్లు మళ్లీ ఎలా లేచి నిలబడ్డారన్నదే వారికి ఎవరూ కుదురుగా చెప్పడం లేదు.

పిల్లల కథలు ఈదురుగాలితో మొదలై తెల్లవారగానే ముగిసిపోతున్నాయి. అసలు కథ ఆ ఉదయమే కదా మొదలయ్యేది! 1996 నవంబర్ 6న వచ్చిన తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్లిన మత్స్యకారులెందరో తిరిగి రాలేదు. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. కొత్తగా నాటిన మొక్క కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది. అన్నేళ్లూ ఆ ఇల్లు ఎలా గడిచింది? అప్పు ఎవరిచ్చారు? ఎవరి చదువు ఆగింది? అన్నం ముందు ఎవరికి వడ్డించారు? ఇవి తెలిస్తేనే పాత్రలకు ప్రాణం వస్తుంది.

మనుషులను కల్పించవచ్చు, కాలాన్ని మార్చకూడదు. 1839 నాటి కోరంగి ఉప్పెన గురించి ఒక విద్యార్థిని చక్కని కథ రాసింది. అందులో కుటుంబమంతా ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా నడిచి వెళ్తుంది. ఆనకట్ట పనులు మొదలైందే 1847లో, పూర్తయింది 1852లో. అంతకుముందు, 1832-33 నాటి నందన కరువులో జనం తిండిలేక చనిపోతుంటే, ఆనకట్ట లేక గోదావరి నీరు సముద్రం పాలవుతూనే ఉంది. ఇది తెలిశాక ఆ అమ్మాయి తన కుటుంబాన్ని పడవ ఎక్కించింది. ఇప్పుడా ఏరు దాటే ఘట్టమే కథకు బలం.

చావును కథల్లోంచి తీసేయమని మేము చెప్పం. అయితే భయం పుట్టించడానికే శవాలను వర్ణించడం వద్దంటాం.

మీ నుంచి కోరేది ఒకటుంది. 1996లో మీలో చాలామంది చిన్నపిల్లలే. 1986 ఆగస్టు వరదలో లంకలు మునిగిన రోజులు తాతయ్యలకు, అమ్మమ్మలకు గుర్తుంటాయి. రాత్రి భోజనాల తర్వాత పిల్లలను వారి దగ్గర కూర్చోబెట్టండి. అయినవాళ్లను పోగొట్టుకున్న పెద్దలు చెప్పలేకపోతే మాత్రం వారిని బలవంతపెట్టవద్దు.

కథలను దసరా సెలవుల తర్వాత తీసుకుంటాం. పాత్రలకు మీ ఇంటివాళ్ల అసలు పేర్లు పెట్టవద్దని పిల్లలకు ముందే చెప్పాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు