ఎదురు ఫ్లాట్ కుర్రాడికి థాంక్స్

ద్వారకానగర్‌లో మా ట్యూషన్ సెంటర్‌కి చిన్న వెబ్‌సైట్ ఉంది. చూసుకునేది నేనే. ఉదయం ఆరింటి లెక్కల బ్యాచ్‌ని ఏడింటికి మార్చి, సైట్లో పెట్టేశాననుకున్నాను. మర్నాడు గాజువాక నుంచి తెల్లారకుండానే బస్సెక్కి వచ్చిన ఇద్దరు పిల్లలు గంటసేపు మెట్ల మీద కూర్చున్నారు. సైట్లో ఇంకా ఆరే ఉంది.

సైట్ ఫైళ్లుండేది సర్వర్లో, అంటే హోస్టింగ్ వాళ్ల కంప్యూటర్లో. వాటిని ఇక్కడి నుంచి తెరిచే ప్రోగ్రామ్ విన్‌ఎస్‌సీపీ. అందులో ఫైల్ తెరిస్తే నాకు నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే ఎడిటర్‌లో వస్తుంది. సేవ్ కొడితే సర్వర్‌కి వెళ్లిపోవాలి. మొదట తెరిచిన హోమ్ పేజీ వెళ్లేది. తర్వాత తెరిచిన టైమింగ్స్, ఫీజుల పేజీలు కదిలేవి కావు. ట్యాబ్ మీద ఎర్ర గుర్తు మాత్రం బుద్ధిగా నీలంగా మారేది! నెట్‌ని తిట్టాను, బ్రౌజర్ క్యాష్ తుడిచాను, హోస్టింగ్ వాళ్లకి ఫోన్ చేసి గొడవపడ్డాను. రెండు రోజులు ఒకటే టెన్షన్.

ఎదురు ఫ్లాట్ కుర్రాడు వచ్చి, కూర్చోకుండానే విండో పైన ఉన్న ఫైల్ దారి చూపించాడు. "ఆంటీ, ఇది టెంప్ ఫోల్డర్, తాత్కాలిక కాపీలుండే చోటు. మీరు సేవ్ చేస్తున్నది మీ కంప్యూటర్లోనే."

సంగతేంటంటే, విన్‌ఎస్‌సీపీ సర్వర్ నుంచి ఒక కాపీ తెచ్చి ఎడిటర్‌కి ఇస్తుంది. అది మారిందా అని కనిపెట్టుకుని ఉండి, మారగానే పైకి పంపుతుంది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అప్పటికే తెరిచి ఉంటే, రెండో ఫైల్ కోసం మొదలైన ప్రోగ్రామ్ దాన్ని పాత విండోకి అప్పజెప్పి వెంటనే ఆగిపోతుంది. విన్‌ఎస్‌సీపీ ఏమో పని అయిపోయిందనుకుని కనిపెట్టడం మానేస్తుంది. తప్పు రెండింటిదీ కాదు, నా సెట్టింగ్‌ది. ఫైల్ మరీ తొందరగా మూసేశారని ఒక బాక్స్ వచ్చిందట కూడా. చదవకుండా ఓకే కొట్టేసి ఉంటాను, నా అలవాటే అది.

ప్రిఫరెన్సెస్‌లో ఎడిటర్స్‌లోకి వెళ్లి, ఎడిటర్ చాలా ఫైళ్లని ఒకే విండోలో తెరుస్తుందని చెప్పే గడిలో టిక్ పెట్టాడు. నేను మార్చినదంతా ట్యాబుల్లోంచి కాపీ చేసి, మళ్లీ తెరిచిన ఫైళ్లలో పేస్ట్ చేయించాడు. పావుగంట పట్టలేదు.

బాబూ, పేరు రాయొద్దన్నావు, రాయలేదు. కాఫీ కూడా తాగకుండా డ్యూటీకి పరిగెత్తావు. ఆదివారం పెసరట్టు, అల్లం పచ్చడి నీకోసం ఉంటాయి, అమ్మని కూడా తీసుకురా.

ఆ రోజు ఫోన్లో నా చేత తిట్లు తిన్న హోస్టింగ్ అబ్బాయికి మళ్లీ ఫోన్ చేసి సారీ చెప్పాను. "పర్లేదు మేడమ్, టికెట్ క్లోజ్ చేసేయనా?" అన్నాడు.