గవర్నర్ గారూ, యాప్ వచ్చింది. చేతిలో ఇమిడే పరికరం ఎప్పుడు?

భారతీయ రిజర్వ్ బ్యాంకు గవర్నర్ గారికి,

నమస్కారాలు. నేను ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను. అంధులకు నోటు విలువ పలికి చెప్పే పరికరం మా విద్యార్థులు ఇష్టపడి ఎంచుకునే ప్రాజెక్టు. ల్యాబులో కొత్త నోటు పెడితే చక్కగా పలుకుతుంది. మార్కులు పడతాయి, పరికరం బీరువాలోకి చేరుతుంది. అది జనంలోకి వెళ్లాలంటే మీరు మాత్రమే చేయగలిగిన పని కొంత ఉంది. అందుకే ఈ లేఖ.

ముందు నోటు సంగతి. పాత మహాత్మా గాంధీ సిరీస్‌లో 100 నోటు పొడవు 157 మిల్లీమీటర్లు, 500 నోటు 167. ఆ పది మిల్లీమీటర్ల తేడా వేళ్లకు తెలిసేది. 2016 నుంచి వచ్చిన కొత్త సిరీస్‌లో 100 నోటు 142, 200 నోటు 146, 500 నోటు 150. వెడల్పు మూడింటికీ 66. బస్సులో వెనక నలుగురు తొందరపెడుతుంటే నాలుగు మిల్లీమీటర్ల తేడాను ఎవరైనా తడిమి ఎలా పట్టుకుంటారు? పైగా పాత 100 నోటు ఇంకా చెల్లుతుంది. అది కొత్త 500 నోటు కంటే పొడవు! పొడవైనది పెద్ద నోటు అనే లెక్కే తారుమారైంది.

తడిమితే తెలిసేలా ఉబ్బెత్తుగా 100కి త్రిభుజం, 500కి వృత్తం, అంచుల్లో గీతలు ఉన్నాయి, కాదనను. కొత్త నోటు మీద బాగానే తెలుస్తాయి. చేతులు మారి మెత్తబడిన నోటు మీద ఆ ఉబ్బు అణిగిపోతుంది. అసలు కొత్త సిరీస్‌లో ఈ గుర్తులు 100, ఆ పై నోట్లకే. రోజంతా చిల్లరగా తిరిగే 10, 20, 50 నోట్లకు అవీ లేవు.

అంధులు నోట్లు గుర్తించేందుకు తగిన పరికరమో మరో ఏర్పాటో చేయడం సాధ్యమేమో చూస్తామని 2018 జూన్‌లో మీ బ్యాంకు చెప్పింది. 2020 జనవరి 1న, ఫోన్ కెమెరాతో నోటు విలువ చెప్పే మీ మణి యాప్ వచ్చింది. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది, సగానికి మడిచిన నోటునూ గుర్తిస్తుంది. మంచి పని, అందుకు కృతజ్ఞతలు. కానీ స్మార్ట్‌ఫోన్ లేని అంధుల మాటేమిటి? ఫోన్ ఉన్నా, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో నోటు ఉన్న మనిషి రద్దీలో ఫోన్ తీసి, యాప్ తెరిచి, కెమెరా గురిపెట్టడం ఎంత కష్టమో ఒక్కసారి కళ్లు మూసుకుని ప్రయత్నించి చూడండి. యూపీఐ ఉంది కదా అంటారు కొందరు. క్యూఆర్ కోడ్‌కు గురిపెట్టడానికీ చూపే కావాలి. అయినా, నగదు వాడాలా వద్దా అన్నది చూపున్నవాళ్లు తమకు తాము తేల్చుకుంటున్నారు. అంధులకూ ఆ హక్కు ఉండాలి.

ఇక పరికరం. చవకలో చేయాలంటే అందరూ మొదట రంగును గుర్తించే సెన్సర్ పెడతారు. కొత్త 200 నోటు పసుపు, కొత్త 20 నోటు ఆకుపచ్చ కలిసిన పసుపు. చెమట, నూనె, మట్టి అంటిన తర్వాత ఆ రెంటినీ రంగు ఒక్కదానితో విడదీయడం నమ్మదగ్గ పని కాదు. పొడవు కొలుద్దామంటే నోటు అంచు మడత పడి ఉంటుంది. నా అభిప్రాయంలో సరైన దారి ఇది: నోటు దూర్చడానికి సన్నటి గాడి, లోపల చిన్న కెమెరా, సొంత లైటు. వెలుగు, దూరం ఎప్పుడూ మారవు కాబట్టి మామూలు ప్రాసెసర్ చాలు. ఒకటే మీట. పదిమందిలో డబ్బు విలువ బయటికి అరవకూడదు, కాబట్టి వైబ్రేషన్‌తో కూడా చెప్పాలి. చెవులు కూడా వినపడనివారికి అదే ఆధారం. అన్నిటికంటే ముఖ్యం, అనుమానం వస్తే 'తెలియలేదు, మళ్లీ పెట్టండి' అనాలి. ఊహించి చెప్పకూడదు. 500ని 100 అని చెప్పే యంత్రం కంటే ఏ యంత్రమూ లేకపోవడమే నయం.

అయితే ఈ యంత్రం ఏ నోట్లను చూసి నేర్చుకుంటుంది? మా దగ్గర ఉన్నవి కొన్ని నోట్లే. మీ కార్యాలయాల్లో మాసిన నోట్లను యంత్రాలు ఏరి, ముక్కలు చేస్తాయి. ముక్కలు చేసే ముందు వాటిని రెండు వైపులా ఫోటోలు తీయించండి. నంబర్లు చెరిపేసి, తగిన షరతులతో పరిశోధన సంస్థలకు, తయారీదారులకు ఇవ్వండి. మరకలు, పిన్ను రంధ్రాలు, పెన్ను రాతలు, టేపు అతుకులు అన్నీ వాటిలో ఉంటాయి. మా విద్యార్థుల పరికరాలు ఓడిపోయేది సరిగ్గా అక్కడే.

కొత్త డిజైన్ నోటు విడుదలయ్యే రోజుకే పరికరాలకూ అది తెలిసి ఉండాలి. దానికి డిజైన్‌ను బయటపెట్టకూడదని తయారీదారులతో ముందే ఒప్పందం చేసుకోవచ్చు. ఆ తర్వాత, పంపిణీ. అమెరికాలో నోట్లన్నీ ఒకే సైజు. అంధుల సంఘం వేసిన కేసులో 2008లో అప్పీళ్ల కోర్టు అంధుల పక్షాన తీర్పు ఇచ్చింది. తర్వాత అక్కడి ప్రభుత్వం నోటు చదివే పరికరాలను అర్హులైన అంధులకు ఉచితంగా ఇచ్చింది. మన దగ్గర వికలాంగులకు ఉపకరణాలిచ్చే అడిప్ పథకం 1981 నుంచే ఉంది. సామాజిక న్యాయ శాఖతో మాట్లాడి ఈ పరికరాన్ని అందులో చేర్పించండి.

దీనికి కమిటీ వేస్తే అంధులను చివర్లో పరీక్షించడానికి పిలిచి సరిపెట్టకండి. గాడి వెడల్పు, మీట చోటు నిర్ణయించే మొదటి సమావేశంలోనే వారు కూర్చోవాలి. 2018లో మీ బ్యాంకు అన్న పరికరానికి గడువు తేదీ ప్రకటించమని వేడుకుంటున్నాను.

భవదీయుడు,
ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు