పేరు చెప్పని ఒంగోలు యువకునికి కృతజ్ఞతలు

గత జనవరిలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు బ్రెకెన్‌రిడ్జ్‌లో మా అమ్మాయి వాళ్లు అద్దెకు తీసుకున్న విడిది ఇంట్లో మేము దిగినప్పుడు, పక్క వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ మా తెలుగు విని పలకరించిన ఒంగోలు యువకునికి కావలి నుంచి మా దంపతుల కృతజ్ఞతలు. సముద్ర మట్టానికి దాదాపు 9,600 అడుగుల ఎత్తున ఉన్న ఆ స్కీయింగ్ పట్టణంలో చాలా ఇళ్లు సెలవుల కోసం కట్టుకున్నవే కనుక, యజమానులు ఇరుగుపొరుగున కనిపించడం అరుదు. ధనుర్మాసపు చలికే మఫ్లరు చుట్టుకునే మాకు ఆ రాత్రి హీటరు ఆగిపోవడం, ఇల్లు చూసుకోవలసిన వారు ఫోను ఎత్తకపోవడం ఎంత కంగారు కలిగించాయో చెప్పనక్కరలేదు.

"భయం లేదు పెదనాన్నా" అంటూ మీరు వచ్చి, నీరు గడ్డకడితే సుమారు 9 శాతం వ్యాకోచించి గొట్టాలను పగలగొట్టగలదని వివరించి, కుళాయిలను సన్నని ధారగా వదిలి, బయటి గోడను ఆనుకున్న సింకు కింది తలుపులు తెరిపించి, మంచులో కూరుకుపోయిన హీటరు పొగగొట్టాన్ని పారతో తవ్వి తీశారు. ఆ గొట్టం మూసుకుపోతే వాసనే లేని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లో చేరే ప్రమాదం ఉంటుందని చెప్పి, దానిని పసిగట్టే అలారం పనిచేస్తున్నదో లేదో కూడా పరీక్షించారు. నిజానికి ఈ జాగ్రత్తలన్నీ అద్దెకిచ్చేవారే కాగితం మీద రాసి గోడకు అంటించాలి.

డబ్బు ఇవ్వబోతే నొచ్చుకున్నారు. గోంగూర పచ్చడి సీసా మాత్రం కాదనలేదు. ఊరికి వచ్చినప్పుడు కావలిలో దిగి, మా ఇంట భోజనం చేసి వెళ్లండి.