వీడియో ఆపండి, ప్రశ్న అడగండి

సంపాదకులకు,

బడులకు ట్యాబ్‌లు, డిజిటల్ బోర్డులు కొన్నప్పుడల్లా ఎన్ని వచ్చాయన్న లెక్కే వార్తల్లోకి వస్తోంది. వాటితో పాఠం ఎలా నడుస్తోందని అడిగేవారు లేరు. ఇరవై ఐదు నిమిషాల వీడియో పెడతారు, అది అయ్యేసరికి గంట కొడతారు. చూస్తున్నంతసేపూ పిల్లలకు అంతా వచ్చేసినట్టే ఉంటుంది. చిక్కంతా అక్కడే.

2006లో రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు విద్యార్థుల చేత ఒక పాఠ్యభాగాన్ని రెండోసారి చదివించారు. మరో భాగాన్ని మాత్రం ఒక్కసారే చదివించి, కాగితం పక్కన పెట్టించి, గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివినదే ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత లెక్క తారుమారైంది: గుర్తుచేసుకుని రాసినది 56 శాతం నిలిస్తే, మళ్లీ చదివినది 42 శాతమే నిలిచింది. పాఠం రాలేదన్న పిల్లలకు ‘వీడియో మళ్లీ చూడండి’ అని చెప్పే ముందు ఈ అంకెలు తలచుకోవాలి.

అందుకే వీడియోను ఐదారు నిమిషాలకోసారి ఆపి, తెరను ఖాళీ చేసి, ఒక్క ప్రశ్న వేయాలి. చేతులెత్తమంటే ఎప్పుడూ ఆ నలుగురే చెబుతారు. అందరూ పలక మీదో నోటు పుస్తకంలోనో రాయాలి. రెండు నిమిషాలు ఆగాకే జవాబు చెప్పాలి. అవే ప్రశ్నల్లో కొన్ని మర్నాడు, వారానికి, నెలకు మళ్లీ అడగాలి.

చాలా యాప్‌లలో ప్రశ్నలు లేకపోలేదు, ఉన్న తీరే బాగాలేదు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమంటే, ఏమీ చదవకుండా నొక్కినా పదింటికి సగటున రెండు మూడు ఒప్పవుతాయి. ఎన్నిసార్లయినా ప్రయత్నించవచ్చంటే నాలుగో నొక్కుకి అన్నీ ఒప్పే, నివేదికలో నూటికి నూరు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1950ల నాటి తన బోధన యంత్రంలోనే జవాబును పిల్లలే కూర్చుకోవాలని పట్టుబట్టాడు.

మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగితే, మూడు కన్నా నాలుగు పెద్దది కదా అని నాలుగో వంతు నొక్కే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. ఎర్ర గుర్తు వేసి ఒప్పు జవాబు చూపగానే వాళ్లు ముందుకు వెళ్లిపోతారు. తప్పుడు ఆలోచన మాత్రం అలాగే ఉండిపోతుంది. సమానంగా ఉన్న రెండు కాగితపు పట్టీలను ఒకదాన్ని మూడుగా, ఇంకోదాన్ని నాలుగుగా మడిపించి ముక్కలు పక్కపక్కన పెట్టిస్తే అది అక్కడికక్కడే తేలిపోతుంది. ఏ తప్పు ఎందుకు చేశారో పట్టుకునే యాప్ అయితేనే టీచరుకు పనికొస్తుంది.

బొమ్మ కింద పేరా మొత్తం పెట్టి, ఆ పేరానే గొంతుతో చదివి వినిపించడం మరో పొరపాటు. కళ్లు అక్షరాల వెంట పోతే బొమ్మను చూసేదెప్పుడు? మాట వినిపించి, బొమ్మలోని భాగాల పేర్లు ఆ భాగాల పక్కనే ఉంచితే చాలు.

కొనుగోలు టెండర్లలోనే ఈ షరతులు రాయాలని విద్యాశాఖ అధికారులను కోరుతున్నాం. వీడియోలో తనకు కావలసిన చోట ప్రశ్న చేర్చే వీలు టీచరుకు ఉండాలి. జవాబు రాసే పెట్టె ఉండాలి. మొదటి ప్రయత్నంలో వచ్చిన మార్కు విడిగా నమోదు కావాలి. తప్పిన ప్రశ్న కొన్నాళ్లకు దానంతటదే తిరిగి రావాలి. ఎన్ని నిమిషాలు చూశారన్న పట్టికకు బదులు, నెల తర్వాత ఎన్ని గుర్తున్నాయన్న పట్టిక తల్లిదండ్రులకు అందాలి.

ఇట్లు,
ఉపాధ్యాయ శిక్షణలో పనిచేస్తున్న పాఠకులు