గంజాయి మొక్క కోతకు వచ్చిందని ఎలా తెలుసుకోవాలి: పెరటి తోటల సంఘం వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారం.

దక్షిణ ఒంటారియోలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పెరటి తోటల సంఘంగా మనం ఏటా గోంగూర, బచ్చలి, సొర, బీర పాదుల గురించే ఎక్కువగా మాట్లాడుకుంటాం. విత్తనాల పంపకం, కంపోస్టు ఎరువు కొనుగోలు ఈ ఏడాది కూడా యథాప్రకారం జరిగాయి. వాటి లెక్కలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. ఈ నివేదికను మాత్రం ఒకే అంశానికి కేటాయించాలని కార్యవర్గం నిర్ణయించింది. చట్టం అనుమతించిన మేరకు పెరట్లో గంజాయి మొక్కలు పెంచుకుంటున్న సభ్యులు ప్రతి శరదృతువులోనూ అడిగే ప్రశ్న ఒకటే: మొక్క కోతకు వచ్చిందని ఎలా తెలుసుకోవాలి? మంచు భయంతో పచ్చిగా కోసేసినవారూ ఉన్నారు, ఇంకో వారం ఆగుదామనుకుని బూజుకు పంటను వదులుకున్నవారూ ఉన్నారు. ఈ రెండు నష్టాలూ చాలావరకు నివారించదగినవే కాబట్టి, ఈ ఏడాది ఇళ్ల వద్ద పరిశీలించినదాన్నీ, నిపుణుల రచనల నుంచి నేర్చుకున్నదాన్నీ కలిపి ఇక్కడ నమోదు చేస్తున్నాం.

చట్టం గురించి

కెనడాలో గంజాయి చట్టం 2018 అక్టోబర్ 17న అమలులోకి వచ్చింది. ఒంటారియోలో 19 ఏళ్లు నిండినవారు సొంత వాడకానికి ఇంటికి 4 మొక్కల వరకు పెంచుకోవచ్చు. ఈ పరిమితి మనిషికి కాదు, ఇంటికి. ఒకే ఇంట్లో నలుగురు పెద్దలున్నా మొక్కలు నాలుగే ఉండాలి. విత్తనాలను గాని మొక్కలను గాని చట్టబద్ధమైన దుకాణంలోనే కొనాలి. అద్దె ఇళ్లలోనూ కాండోల్లోనూ ఒప్పంద పత్రం దీన్ని నిషేధించి ఉండవచ్చు కాబట్టి ముందుగా చదువుకోవాలి. క్యూబెక్‌లో ఇంటి సాగుకు అసలు అనుమతి లేదు. ఆ నిషేధం చెల్లుతుందని 2023 ఏప్రిల్‌లో కెనడా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అందువల్ల మాంట్రియల్‌లోని బంధువులకు ఈ నివేదికలోని సలహాలు వర్తించవు.

మొగ్గ తొడిగిన లేదా పూసిన గంజాయి మొక్కను బహిరంగ ప్రదేశంలో దగ్గర ఉంచుకోవడం నేరమన్న సంగతి చాలామందికి తెలియదు. ఈ కారణంగానే మొక్కలను సమావేశానికి తెచ్చి చూపించే పద్ధతిని కార్యవర్గం మొదట్లోనే తిరస్కరించింది. పరిశీలన అంతా పెంచినవారి పెరట్లోనే, పెద్దల సమక్షంలోనే జరిగింది. సమావేశంలో ఫొటోలను మాత్రమే చూపించాం. ఎండబెట్టిన పూవును బయట 30 గ్రాములకు మించి దగ్గర ఉంచుకోరాదు, ఎవరికీ అమ్మరాదు. శాశ్వత నివాస హోదాలో ఉన్న సభ్యులు మరింత జాగ్రత్తగా ఉండాలని ప్రత్యేకంగా కోరుతున్నాం. పరిమితికి మించిన సాగుకు చట్టంలో 14 ఏళ్ల వరకు శిక్ష ఉంది. అంతటి తీవ్ర నేరం రుజువైతే జైలుతోనే ఆగదు, దేశంలో ఉండే హక్కుకే ముప్పు వస్తుంది.

స్వదేశానికి వెళ్లేటప్పుడు ఒక్క పూరేకు కూడా వెంట తీసుకువెళ్లకూడదు. కెనడా సరిహద్దును గంజాయితో దాటడం ఏ దిశలోనైనా నేరమే. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూసిన, కాసిన కొమ్మ చివళ్లనే గంజాయిగా నిర్వచించి నిషేధించింది. విశాఖ ఏజెన్సీలో 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో పోలీసులు గంజాయి తోటలను నరికించిన సంగతి మనకు తెలిసిందే. ఇక్కడికి వచ్చిన అమ్మానాన్నలు పెరట్లో ఆ మొక్కను చూసి కంగారుపడితే, వారి భయానికి ఆధారం ఉందని గుర్తించి ఓపికగా చెప్పాలి.

పూత ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ముగుస్తుంది

గంజాయి రాత్రి నిడివిని బట్టి పూసే మొక్క. టొరంటోలో జూన్ 21 ప్రాంతంలో పగలు సుమారు 15 గంటల 25 నిమిషాలు ఉంటుంది. ఆగస్టు మధ్యకు వచ్చేసరికి 14 గంటలకు దగ్గరపడుతుంది. పగలు 12 గంటలకు తగ్గితేనే పూత వస్తుందన్న మాట ఇంటి లోపల దీపాల కింద పెంచేవారి అలవాటు నుంచి వచ్చింది. ఆరుబయట చాలా రకాలు అంతకన్నా ఎక్కువ పగలున్నప్పుడే, జులై చివరికో ఆగస్టు మొదటి పక్షానికో పూతకు తిరుగుతాయి. అక్కడి నుంచి రకాన్ని బట్టి 7 నుంచి 10 వారాలు లెక్కిస్తే కోత సెప్టెంబర్ మూడో వారానికీ అక్టోబర్ నాలుగో వారానికీ మధ్య పడుతుంది. మనకు తొలి మంచు పడేదీ ఆ రోజుల్లోనే. ఒట్టావా వైపు అది ఇంకా ముందే వస్తుంది. విండ్సర్ వైపు, సరస్సుల దాపున కొంత ఆలస్యమవుతుంది.

కాబట్టి విత్తనం సంచి మీద రాసిన వారాల లెక్కను పూత కనిపించిన రోజు నుంచి లెక్కించాలి, నాటిన రోజు నుంచి కాదు. ప్రతి కణుపు దగ్గరా తెల్లని జంట పోగులు కనిపించిన రోజును గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోవడం మంచిది. ఆటోఫ్లవర్ అని పిలిచే రకాలు రాత్రి నిడివితో సంబంధం లేకుండా వయసును బట్టి పూస్తాయి. మే నెలలో వచ్చే విక్టోరియా డే తర్వాత, మంచు భయం తొలగాక నాటితే వీటిలో చాలావరకు విత్తనం మొలిచిన 10 నుంచి 12 వారాలకు, అంటే ఆగస్టు చివరికల్లా కోతకు వస్తాయి. శరదృతువు వానల బారిన పడకుండా ఇవే ఎక్కువమందిని కాపాడాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి కార్యవర్గం వీటినే సూచిస్తోంది.

మొక్క చూపించే గుర్తులు

అందరి కంటికీ మొదట కనిపించేవి పూగుత్తిలోంచి వచ్చే తెల్లని పోగులు. ఇవి పూవు కీలాగ్రాలు, పుప్పొడిని పట్టుకోవడానికి ఏర్పడినవి. పూత ముదిరేకొద్దీ ఇవి నారింజ రంగుకో గోధుమ రంగుకో తిరిగి, ముడుచుకుని లోపలికి ఒరుగుతాయి. సగానికి పైగా రంగు మారితే మొక్క దగ్గరపడిందని చెప్పవచ్చు. అయితే కోత నిర్ణయాన్ని ఈ ఒక్క గుర్తు మీద ఆధారపడి తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాం. జోరు వాన కురిసినా, చేతులు తగిలినా, ఎక్కడి నుంచో వచ్చిన పుప్పొడి అంటుకున్నా ఈ పోగులు ముందే ఎండిపోతాయి. పారిశ్రామిక హెంప్ (నార, గింజల కోసం పెంచే, మత్తు చాలా తక్కువ ఉండే గంజాయి రకం) పొలాలు దగ్గరగా ఉన్న ఊళ్లలో పుప్పొడి గాలికి చాలా దూరం వస్తుంది. అక్కడ పోగులు ఎర్రబడి లోపల గింజ కట్టిన మొక్కలను ముదిరినవని పొరబడే అవకాశం ఉంది.

రెండో గుర్తు, పోగులు పుట్టుకొచ్చే చిన్న ఆకుపచ్చ తొడుగులు ఉబ్బడం. పుప్పొడి సోకకపోయినా చివరి రెండు వారాల్లో అవి గింజ ఉన్నట్టే నిండుగా కనిపిస్తాయి. గుత్తి పైన కొత్తగా తెల్ల పోగులు తీయడం ఆగిపోయి, తొడుగులు మాత్రం లావెక్కుతున్నాయంటే మొక్క పెరుగుదల ముగింపుకు వచ్చిందని అర్థం.

ఎక్కువ నమ్మదగిన గుర్తు తొడుగుల మీది జిగురు గ్రంథులది. ట్రైకోమ్ అని పిలిచే ఈ గ్రంథి సన్నని కాడ మీద గుండ్రని తలతో నిలబడి ఉంటుంది. తల వెడల్పు మిల్లీమీటరులో పదో వంతుకు అటూఇటూగానో అంతకన్నా తక్కువగానో ఉంటుంది కాబట్టి మామూలు కంటికి అది మెరుపుగా మాత్రమే తోస్తుంది. 30 నుంచి 60 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఉంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది. లేత గ్రంథి తల గాజులా పారదర్శకంగా ఉంటుంది. ముదిరితే పాల రంగుకు, ఆపైన తేనె రంగుకు మారుతుంది. పారదర్శకంగా ఉన్నవి ఎక్కువైతే కోయకూడదు. చాలావరకు పాల రంగుకు తిరిగి, అక్కడక్కడా తేనె రంగు కనిపించే దశ చాలామంది ఎంచుకునే కోత సమయం. తేనె రంగు మరీ ఎక్కువయ్యేదాకా ఆగితే మత్తునిచ్చే ముఖ్య పదార్థమైన టీహెచ్‌సీ గాలికి, వెలుతురుకు క్షీణించి సీబీఎన్ అనే మరో పదార్థంగా మారడం మొదలవుతుంది, వాసన కూడా తగ్గుతుంది.

భూతద్దంతో చూసేటప్పుడు జరిగే పొరపాటు ఏమిటంటే, గుత్తిలోంచి పొడుచుకొచ్చిన చిన్న ఆకుల మీది గ్రంథులను చూడటం. ఆ ఆకుల మీదివి తొడుగుల మీదివాటికన్నా ముందే రంగు మారతాయి. వాటిని నమ్మి కోస్తే అసలు పూవు పచ్చిగానే ఉంటుంది. పైగుత్తిలో ఒకచోట, నడిమి కొమ్మల్లో ఒకచోట, కింద ఒకచోట తొడుగులనే చూడాలి. గుంటూరు మిరప తోటలో ఒకే చెట్టు కాయలు ఒక్క కోతలో అందనట్టే, ఎండ బాగా తగిలే పైగుత్తులు ముందు ముదురుతాయి, కిందివి వారం పది రోజులు వెనకబడతాయి. వాతావరణం అనుకూలిస్తే పైవి కోసి, కిందివాటికి వెలుతురు తగలనిచ్చి రెండో విడతలో కోయడం మేలు.

పెద్ద ఆకులు పసుపుబారడాన్ని చాలామంది కోత గుర్తుగా తీసుకుంటున్నారు. పూత చివరి దశలో మొక్క పాత ఆకుల్లోని నత్రజనిని పైకి తీసుకోవడం సహజమే, కానీ ఎరువు చాలకపోయినా, వేళ్లకు నీరు నిలిచినా ఆకు అలాగే పండుతుంది. రాత్రులు చల్లబడ్డాక కొన్ని రకాల ఆకులు ఊదా రంగుకు తిరగడం కూడా పక్వతకు నిదర్శనం కాదు. ఈ రెండింటినీ చూస్తే భూతద్దం తీయాల్సిన రోజు వచ్చిందని మాత్రమే అనుకోవాలి.

ఆగలేని సందర్భాలు

మన ప్రాంతంలో చివరి మాట తరచుగా వాతావరణానిదే. పూగుత్తి ఎంత దట్టంగా ఉంటే బోట్రైటిస్ అనే బూజుకు అంత అనువు. బ్రిటిష్ కొలంబియాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో జమీర్ పుంజా బృందం గంజాయి తెగుళ్ల మీద చేసిన పనిలో ఈ పూగుత్తి కుళ్లుకు ముఖ్యమైన స్థానం ఉంది. చల్లని, తేమ నిండిన రోజులు వరుసగా వస్తే అది లోపలి కాడ దగ్గర మొదలై బయటికి వ్యాపిస్తుంది. బయటికి కనిపించేసరికే లోపల చాలావరకు పాడై ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న గుత్తిలో ఒకే ఒక్క చిన్న ఆకు వాడి, పట్టుకుని లాగితే తేలిగ్గా ఊడి వస్తే, అక్కడ గుత్తిని విప్పి చూడాలి. లోపల బూడిద రంగు నూగు లేదా గోధుమ రంగు మెత్తదనం కనిపిస్తే ఆ భాగాన్ని చుట్టూ ఆరోగ్యంగా కనిపించే భాగంతో కలిపి కోసి, సంచిలో మూసి పారేయాలి. కత్తెరను స్పిరిటుతో తుడవకుండా పక్క గుత్తిని ముట్టకూడదు. పచ్చపురుగులు తొలిచి రెట్ట వేసిన చోటే ఈ కుళ్లు ముందుగా పుడుతుంది కాబట్టి సెప్టెంబర్‌లో నల్లని రెట్ట కోసం కూడా వెతకాలి.

బూజు పట్టిన పూవును ఎండబెట్టినా, కడిగినా వాడకానికి పనికిరాదు. ఊపిరితిత్తుల జబ్బున్నవారికీ రోగనిరోధక శక్తి తగ్గినవారికీ అది ప్రాణాపాయం కావచ్చు. ఇంత పెంచాక పారేయడం బాధే అయినా, ఈ విషయంలో మినహాయింపు ఇవ్వవద్దని సభ్యులను చేతులెత్తి వేడుకుంటున్నాం.

మంచు విషయంలో మరీ భయపడనవసరం లేదు. ఒక రాత్రి పడే తేలికపాటి మంచుకు ముదిరిన మొక్క సాధారణంగా చావదు, పాత దుప్పటి కప్పినా సరిపోతుంది. ఉష్ణోగ్రత సున్నాకు బాగా దిగువకు పోయి గడ్డకడితే మాత్రం కణాలు చిట్లి, మంచు కరిగాక ఆ తడిలోనే కుళ్లు మొదలవుతుంది. గ్రంథులు చాలావరకు పాల రంగుకు తిరిగి, ముందు నాలుగైదు రోజులు ఎడతెగని వాన ఉందని సూచన ఉంటే, తేనె రంగు కోసం ఆగకుండా వానకు ముందే కోయాలని కార్యవర్గం అభిప్రాయం. గ్రంథులు ఇంకా సగం పారదర్శకంగానే ఉంటే, పైన పాలిథిన్ పందిరి వేసి, పక్కల గాలి ఆడనిచ్చి, ప్రతి ఉదయం కొమ్మల మీది నీటిని దులపడం మొదటి ప్రయత్నం కావాలి. అక్టోబర్‌లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ సెలవుకు ఇంటిల్లిపాదీ ఉంటారని కోతను ఆ సోమవారానికి పెట్టుకునే అలవాటు మనలో ఉంది. వాన సూచన ఉన్న ఏడాది అది నష్టమే తెస్తుంది.

కోత తర్వాత

మంచు తేమ ఆరాక, ఎండ ముదరకముందు కోయడం మంచిది. కొమ్మలను చీకటి గదిలో, 15 నుంచి 20 డిగ్రీల వేడిమిలో, గాలిలో తేమ 55 నుంచి 60 శాతం ఉండేలా వేలాడదీయాలి. ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు. సన్న కాడ వంగకుండా విరిగితే ఆరినట్టు. దీనికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, బరువులో నాలుగింట మూడు వంతులకు పైగా పోతుంది. ఆపైన గాజు సీసాల్లో ముప్పావు వరకు నింపి, మొదటి వారం రోజూ మూత తీసి గాలి తగలనివ్వాలి. సీసాలో తేమ 65 శాతం దాటితే మళ్లీ బయట ఆరబెట్టాలి. సీసాలను పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచడం తప్పనిసరి. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ, యువకులూ, కుటుంబంలో మానసిక వ్యాధుల చరిత్ర ఉన్నవారూ వాడకానికి దూరంగా ఉండాలన్న వైద్యుల సలహాను సంఘం పూర్తిగా సమర్థిస్తోంది.

వచ్చే ఏడాదికి నిర్ణయాలు

దీపం ఉన్న భూతద్దాలను సంఘం తరఫున కొని, సెప్టెంబర్ మొదటి వారం నుంచి అడిగిన సభ్యులకు వంతులవారీగా ఇవ్వాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. తొడుగుల మీది గ్రంథుల ఫొటోలను అనుభవజ్ఞులైన సభ్యులు చూసి అభిప్రాయం చెప్పే ఏర్పాటు ఆ నెల నుంచే మొదలవుతుంది. ముఖాలూ చిరునామాలూ కనిపించే ఫొటోలను పంపవద్దు. చలికాలంలోనే రకాల ఎంపిక గురించి ఒక సమావేశం పెట్టి, అక్టోబర్ మొదటి వారానికి ముందే ముగిసే రకాలు, గుత్తి మరీ దట్టంగా కట్టని రకాలు ఏవో సభ్యుల అనుభవం నుంచి జాబితా తయారుచేస్తాం. ఈ ఏడాది ఏ రకం ఏ తేదీన పూతకు తిరిగింది, ఏ తేదీన కోశారు, బూజు వచ్చిందా అన్న మూడు వివరాలను ప్రతి సభ్యుడూ సభ్యురాలూ జనవరి నెలాఖరులోగా కార్యదర్శికి అందజేయవలసిందిగా కోరుతున్నాం.