ఆరాధన మందిరం పైకప్పు మరమ్మతుకు విరాళాల విజ్ఞప్తి

క్రీస్తునందు ప్రియ సహోదరీ సహోదరులకు మందిర కమిటీ వందనములు.

నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ పరిసరాల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు ఆరాధనకు కూడుకొనే న్యూనెన్ గ్రామంలోని అద్దె మందిరం పైకప్పును చలికాలానికి ముందే బాగుచేయించవలసి ఉన్నది. ఖర్చులో కొంత భాగం భరిస్తామని మందిరం యజమానులైన స్థానిక సంఘానికి మాట ఇచ్చాము. అద్దెకున్నవారికి ఈ భారం ఎందుకని కొందరు అడిగారు గనుక, ఈ ఊరి చరిత్రను కొంత వివరిస్తున్నాము.

స్పెయిన్‌తో సాగిన ఎనభై ఏళ్ల యుద్ధం 1648లో ముగిసిన తరువాత, ఈ బ్రబాంట్ ప్రాంతంలో ప్రజలు అత్యధికులు కాథలిక్కులే అయినా, పాత చర్చీలను ప్రభుత్వం ప్రొటెస్టెంట్లకు అప్పగించింది. కాథలిక్కులు ధాన్యపు కొట్టాల వంటి పాకల్లో పూజలు జరుపుకొంటూ వచ్చారు. 1795 తరువాత ఫ్రెంచివారి అండతో వచ్చిన కొత్త పాలనలో మతాలకు సమాన హక్కులు లభించి పరిస్థితి మారింది. న్యూనెన్‌లో గుప్పెడుమందిగా మిగిలిన ప్రొటెస్టెంట్లు 1824లో తమ సంఖ్యకు తగినట్టు ఎనిమిది పలకల చిన్న చర్చి కట్టుకొన్నారు. అది నేటికీ నిలిచి ఉన్నది.

అంత చిన్న సంఘాలు ఎలా నిలిచాయో గమనించదగినది. 1822లో ఏర్పడిన ఒక ప్రొటెస్టెంట్ సంక్షేమ సంస్థ బ్రబాంట్‌లో పొలాలు కొని పేద విశ్వాసులకు కౌలుకిచ్చేది. బతుకుదెరువు లేక కుటుంబాలు వలసపోతే సంఘమే మిగలదని ఆ పెద్దలు గ్రహించారు. 1882లో న్యూనెన్‌కు సంఘకాపరిగా వచ్చిన థియోడోరస్ వాన్ గో ఆ సంస్థ పనుల్లో పాలుపంచుకొన్నారు. ఆయన కుమారుడు, చిత్రకారుడు విన్సెంట్, 1883 డిసెంబరు నుండి 1885 నవంబరు వరకు ఇక్కడే ఉండి, ఊరి నేతగాళ్లనూ రైతులనూ ఎన్నో చిత్రాల్లో నిలిపాడు. కాలు విరిగి మంచం పట్టిన తల్లి కోసం 1884లో ఆ చిన్న చర్చిని చిత్రించి ఇచ్చాడు. 2002లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియం నుండి దొంగలెత్తుకుపోయిన ఆ పటం 2016లో ఇటలీలో దొరికింది.

ఊరి వెలుపల పొలాల మధ్య ఉండిన ప్రాచీన చర్చి గోపురానికి మాత్రం అంత అదృష్టం లేకపోయింది. చర్చి అప్పటికే పోగా, ఒంటరిగా మిగిలిన గోపురాన్ని 1885లో కూల్చివేసి, దాని కలపనూ పలకరాళ్లనూ పాత ఇనుమునూ వేలం వేశారు. విన్సెంట్ ఆ వేలాన్ని కూడా నీటిరంగుల్లో చిత్రించాడు. దూలాలు బాగున్నప్పుడే పైకప్పు సంగతి చూసుకోవాలని కమిటీ పట్టుబట్టడానికి ఇదే కారణం.

కుటుంబానికి 25 యూరోలకు తగ్గకుండా ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. చదువుకొంటున్న విద్యార్థులకు ఈ నియమం లేదు, వారు తోచినంత ఇవ్వవచ్చును. విరాళాలను ఆరాధన తరువాత కోశాధికారికి అందజేసి రసీదు తీసుకొనగలరు. ఈ సొమ్మును అద్దెకు గాని, క్రిస్మస్ విందుకు గాని వాడబోమనీ, జమాఖర్చులను మందిరం ద్వారం వద్ద ప్రతి నెలా ప్రదర్శిస్తామనీ తెలియజేస్తున్నాము. వడ్రంగం, కరెంటు పని తెలిసినవారు తమ పేర్లను కార్యదర్శి వద్ద ముందుగా నమోదు చేయించుకొంటే కూలి ఖర్చు కొంత తగ్గుతుంది.

ప్రభువు సేవలో,
మందిర కమిటీ