పేరుకున్న తేనె నకిలీది కాదు, పురుగుల మందేమో మాపటీలి కొట్టుర్రి

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న ఆదివారం మీ పేపర్ల అసలు తేనెను ఎట్ల గుర్తుపట్టాలె అని ఒక చిన్న ముక్క వచ్చింది. గ్లాసు నీళ్లల్ల చుక్క వేస్తే సక్కగ అడుక్కు పోవాలె, అగ్గిపుల్లను తేనెల ముంచి గీస్తే అంటుకోవాలె, గడ్డ కట్టిందంటే చక్కెర కలిసినట్టే అని రాసిన్రు. మంగళవారం పొద్దుగాల హన్మకొండ నుంచి ఒక మేడం ఫోన్ చేసింది, సంక్రాంతికి ముందు నా దగ్గర రెండు కిలోలు తీసుకున్నది ఆమె, "అన్నా, మీరు రైతులు, మోసం చెయ్యరని కొన్న, ఇప్పుడు సీసాల సగం దాక చక్కెర లెక్క తెల్లగ పేరుకున్నది, మా ఆయన పారేస్త అంటున్నడు" అన్నది. ఆమె మీద నాకు కోపం లేదు, పేపర్ల వచ్చినదాన్ని మనిషి నమ్ముతడు గదా, నేను కూడ నమ్ముత. గని ఆ మాటకు నాకు రాత్రంత నిద్ర పట్టలె, అందుకే ఈ ఉత్తరం.

మాది నర్సంపేట దగ్గర పల్లె. నాలుగెకరాలల్ల పత్తి, మిర్చి వేస్త, ఆరేండ్ల నుంచి బాయికాడ చింతచెట్టు కింద తేనెటీగల డబ్బాలు పెట్టిన, ఇటాలియన్ రకం ఈగలు. మా బాపు కాలంల పుట్టలల్ల, చెట్టు తొర్రలల్ల దొరికే పుట్ట తేనె పిండుకునుడే తెలుసు గని ఈగలను పెంచుడు మా ఊర్ల ఎవ్వలికి తెల్వదు, నేను మొదలుపెడితే నవ్విన్రు.

ముందుగాల ఆ పేరుకునుడు సంగతి చెప్త. తేనెల ఉండేది ముఖ్యంగ రెండు రకాల చక్కెరలు, గ్లూకోజ్, ఫ్రక్టోజ్. గ్లూకోజ్ ఎక్కువున్న తేనె తొందరగ గడ్డకడ్తది, ఏ పువ్వు మీద ఈగ వాలిందో దాన్ని బట్టి ఉంటది అది. మన వరంగల్ చుట్టుముట్టు వానకాలం పంట అంటే పత్తే గదా, పత్తి పూత మీద వచ్చిన తేనె మస్తు తొందరగ పేరుకుంటది, పొద్దుతిరుగుడుది కూడ అంతే. దానికి తోడు చలికాలం మన దిక్కు రాత్రి పూట 14 డిగ్రీల దాక పడిపోతది, తేనె గడ్డకట్టుటానికి సరిగ్గ అదే చలి కావాలె. అదే నేను ఎండకాలం వేప, కానుగ పూత మీద తీసిన తేనె నెలల తరబడి పల్సగనే ఉంటది, కొంచెం చేదు పట్టు తగుల్తది నాలుకకు. రెండూ అవే డబ్బాలల్లవి, అవే ఈగలవి. పేరుకున్న సీసాను గోరువెచ్చటి నీళ్లల్ల పెడితే మెల్లగ కరిగిపోతది, పొయ్యి మీద మాత్రం పెట్టకుర్రి. కరగకపోయినా రొట్టె మీద వెన్న లెక్క రాసుకొని తినొచ్చు, మా పిల్లలకైతే అట్లనే ఇష్టం.

ఇగ నీళ్ల పరీక్ష. చిక్కటి బెల్లం పాకం కూడ నీళ్లల్ల అడుక్కే పోతది, ఇంట్ల చేసి చూడుర్రి. అగ్గిపుల్ల అంటుకుంటే ఆ తేనెల తేమ తక్కువున్నదని అర్థం గని చక్కెర లేదని అర్థం కాదు. అసలు తేనెకు చీమలు పట్టవంటరు, నా డబ్బాల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టకపోతే రాత్రికి రాత్రే చీమలు డబ్బాలకు ఎక్కి ఈగలను ఎల్లగొడ్తయి. ఢిల్లీల సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే సంస్థ వాళ్లు 2020ల మన దేశంల అమ్మే 13 బ్రాండ్ల తేనెను జర్మనీ ల్యాబుకు పంపి, చక్కెర పాకం కలిసిందా అని పట్టే ఎన్‌ఎంఆర్ అనే టెస్ట్ చేపిస్తే 10 బ్రాండ్లు ఫెయిల్ అయినయి. అండ్ల చాన మటుకు మన దేశంల మామూలుగ చేసే టెస్టులు పాసయినవే, ఎందుకంటే ఆ టెస్టులకు దొరకకుంట ఉండేటట్టే పాకం తయారు చేస్తున్నరు. అంత పెద్ద ల్యాబులకే కష్టమైనది గ్లాసు నీళ్లల్ల తెలుస్తదా చెప్పుర్రి. అమెరికాకు పోయే తేనెకు 2020 ఆగస్టు నుంచి ఎన్‌ఎంఆర్ టెస్ట్ తప్పనిసరి చేసిన్రు, మన పిల్లలు తినేదానికి చెయ్యలె, ఇది నాకు మస్తు బాధ అనిపిస్తది.

నన్ను అడిగితే తేనె కొనేటోళ్లకు ఒక్కటే చెప్త, ఒక్కసారి డబ్బాల కాడికి రార్రి. తేనె నిండినంక ఈగలు ఆ గదుల మీద సన్నటి మైనం మూత వేస్తయి, లోపట తేమ తగ్గి తేనె పక్వానికి వచ్చిందని దానికి గుర్తు. ఫ్రేముల, అంటే డబ్బాల ఉండే తేనెపట్టు చట్రంల, ముప్పావు వంతు దాక మూతలు పడ్డంకనే నేను తీస్త. కత్తిని వేడినీళ్లల్ల ముంచి ఆ మూతలు గీకుతుంటే పల్సటి తెల్ల పొర లేస్తది, దాని కిందికెల్లి తేనె మెరుస్తది, ఆ వాసన బాయి కాడికెల్లి బాట దాక వస్తది. తర్వాత డ్రమ్ముల పెట్టి తిప్పుతం, ఫ్రేములు మళ్ల ఈగలకే ఇస్తం. మూతలు పడకముందే ఆశపడి తీస్తే తేమ ఎక్కువుండి తేనె పులుస్తది, సర్కారు లెక్క ప్రకారం తేనెల తేమ 20 శాతం దాటొద్దు. ఇంకో మాట కూడ దాచకుంట చెప్త, మీరు చక్కెర పాకం పెడ్తరట గదా అని చానమంది అడుగుతరు. పెడ్త. జూన్, జులైల పూత లేక ఈగలు ఆకలికి సచ్చిపోతయి, అప్పుడు చక్కెర, నీళ్లు సమానంగ కలిపి పెడ్త, అది వాటి పాణం కోసం. ఆ టైంల తేనె తియ్య. ఎవలన్న మేము ఏడాది పొడుగున తేనె తీస్తమంటే అప్పుడు అనుమానపడుర్రి.

పచ్చి తేనె, అంటే వేడి చెయ్యకుంట గుడ్డతోని వడపోసిన తేనె, దాని గురించి కూడ ఉన్నది ఉన్నట్టు రాయాల్నని నాకున్నది. ఫ్యాక్టరీలల్ల సీసాల పల్సగ నిగనిగలాడాలెనని, గడ్డకట్టొద్దని బాగ వేడి చేసి సన్నగ ఫిల్టర్ చేస్తరు. ఈగ తన తలల ఉండే గ్రంథుల నుంచి తేనెల కలిపిన ఎంజైములు వేడికి దెబ్బతింటయి, పుప్పొడి ఫిల్టరుల పోతది, పువ్వు వాసన కూడ పోతది. ఆ ఎంజైముల ఒకటి క్రిములను ఆపే గుణం తెచ్చేది. దగ్గుకు తేనె పనిచేస్తదనేది మన అమ్మమ్మల మాటే కాదు, ఇంగ్లండ్ దేశపు సర్కారు వైద్య సంస్థ కూడ 2018ల మామూలు దగ్గుకు ముందుగాల తేనె వాడి చూడుర్రి అనే చెప్పింది. మా ఇంట్ల చలికాలం రాత్రిపూట దగ్గు ఎక్కువైతే అర చెంచడు తేనె ఇస్తం, పిల్ల పండుకుంటది. గని షుగర్ తగ్గుతది, క్యాన్సర్ పోతది అని వాట్సాప్‌ల తిప్పుతున్నరు చూడుర్రి, అది మాత్రం పాపం. తేనెల నూటికి ఎనభై వంతులు చక్కెరలే, షుగర్ పేషెంట్లు డాక్టర్‌ను అడగకుంట తినొద్దు, నా దగ్గరికి అట్ల వచ్చినోళ్లను నేనే వాపస్ పంపిన.

పసిపిల్లల సంగతి ఇంకా పెద్దది. మన దిక్కు బిడ్డ పుట్టంగనే నాలుకకు తేనె నాకిస్తరు, మాటలు తియ్యగ వస్తయని. మా మనుమరాలు పుట్టినప్పుడు మా వదినె నా డబ్బాల తేనెనే గిన్నెల పోసుకొని దవాఖానకు వచ్చింది, మస్తు సంబురంతోని. అక్కడ సిస్టరమ్మ చూసి గిన్నె పక్కకు పెట్టించి, ఏడాది నిండేదాక తేనె చుక్క కూడ ముట్టియ్యొద్దు, తేనెల ఒక రకం క్రిమి గింజలు ఉండొచ్చు, పెద్దోళ్లకు ఏం కాదు గని పసిపాప పేగులల్ల అవి పెరిగి విషం చేస్తయి, ఒళ్లు మెత్తబడి శ్వాస కూడ ఆగుతదని చెప్పింది. మా వదినె ఏడ్చింది. నేను తేనె పెంచేటోన్ని, నాకే తెల్వదు ఆ ముచ్చట అప్పటిదాక! పచ్చి తేనె అయినా, ఫ్యాక్టరీ తేనె అయినా ఇది ఒక్కతీరే. ఇప్పుడు ప్రతి సీసా మీద ఎర్ర పెన్నుతోని రాసి ఇస్తున్న, ఏడాది లోపు పిల్లలకు వద్దని.

అడవి తేనె గురించి రెండు ముక్కలు. తాడ్వాయి, ఏటూరునాగారం దిక్కు కోయోళ్లు, నాయకపోడోళ్లు పాణాలకు తెగించి పెద్ద ఈగల తుట్టెల నుంచి తెస్తరు, ఆ తేనెకు నేను దండం పెడ్త. తేనె ఉన్న భాగమే కోసి ఈగ పిల్లలున్న భాగం వదిలేస్తే ఈగలు బతుకుతయి, మళ్ల కడ్తయి. రోడ్డు పొంటి అమ్మేది మాత్రం ఏది అడవిదో ఏది పాకమో కొనేటోనికి తెల్వదు, దాంతోని అసలు అడవి తేనె తెచ్చేటోనికి కూడ ధర రాదు.

ఇప్పుడు నా గుండెల ఉన్న అసలు సంగతి. పోయిన డిసెంబర్‌ల ఒకనాడు పొద్దున పది గంటలకు బాయికాడికి పోతే డబ్బాల ముంగట నేల నల్లగ కనబడ్డది. దగ్గరికి పోయి కూసున్న. అన్నీ ఈగలే, కొన్ని సచ్చినయి, కొన్ని వెల్లకిల పడి గిరగిర తిరుగుతున్నయి, సచ్చినవాటికి నాలుక బయటకు సాగి ఉన్నది, అది మందు తగిలిన గుర్తు. కొన్ని ఈగలు కాళ్లకు పసుపుపచ్చ పుప్పొడి ముద్దలతోనే సచ్చిపోయినయి, ఇంటి గడప దాక తెచ్చి. పది డబ్బాలల్ల నాలుగు వారం రోజులల్ల ఖాళీ అయినయి.

మా పక్క చెల్క ఆయన, వరుసకు నాకు తమ్ముడైతడు, పొద్దున ఎనిమిదింటికి మిర్చి పూత మీద మందు కొట్టిండు. నేను కొట్లాటకే పోయిన, అబద్ధం ఎందుకు. ఆయన పంపు కిందికి దించి, "అన్నా, నాకేమెర్క, ముందుగాల ఒక్క మాట చెప్తే మాపటీలి కొడుదు గదనే" అన్నడు. ఆయన మాట నిజం. 2021ల మన మిర్చి మీద నల్ల తామర పురుగు పడ్డప్పటి నుంచి రైతు పాణం పాణంల లేదు, ఆ పురుగు పువ్వులనే చేరుతది, అందుకే పూత మీదనే కొడ్తరు, ఆ యేడు వరంగల్, మహబూబాబాద్, భూపాలపల్లి దిక్కు ఎన్ని తోటలు దున్నేసిన్రో అందరికి ఎర్కనే. అప్పులున్న రైతును మందు కొట్టకు అని నేను ఎట్లంట? అనలేను. నేను కూడ మిర్చి రైతునే. గని ఎప్పుడు కొట్టాలె అనేది చేతుల ఉన్నది. ఈగలు పొద్దెక్కినంక పూల మీదికి పోతయి, పొద్దుమీకెటాల్లకు డబ్బాలకు వస్తయి. ఆ తర్వాత కొడితే తెల్లారేటాల్లకు మందు ఆరుతది, అన్ని మందుల విషం పోదు గని ఈగల సావులు మస్తు తగ్గుతయి.

ఇప్పుడు మేమిద్దరం ఒక కట్టుబాటు పెట్టుకున్నం. మందు కొట్టేముందు రోజు ఆయన ఫోన్ చేస్తడు, నేను రాత్రి డబ్బా వాకిళ్లకు జాలి పెట్టి తడి గోనెసంచులు పైన కప్పుత, లోపటికి గాలి ఆడేటట్టు చూసి ఒకరోజు ఆపి మళ్ల తీస్త. అప్పటి నుంచి ఆయన మందు కొట్టినందుకు నా ఒక్క డబ్బా కూడ పోలె. ఈ ఎండకాలం ఆయన అరెకరం పుచ్చ వేసిండు, పుచ్చల మగపువ్వు వేరు ఆడపువ్వు వేరు, ఈగ తిరగకపోతే కాయ వంకర పోతది లేకుంటే కుల్లిపోయి రాల్తది. ఆయనే వచ్చి, అన్నా రెండు డబ్బాలు నా గట్టు మీద పెట్టరాదు అని అడిగిండు.

రైతు వేదికలు కట్టిన్రు, 5 వేల ఎకరాలకు ఒక క్లస్టర్ అని ఏఈఓలను, అంటే వ్యవసాయ విస్తరణ అధికారులను, పెట్టిన్రు, పత్తి, మిర్చి పూతకు వచ్చే ముందు ఆ క్లస్టర్‌ల డబ్బాలు ఎవరి చేన్ల ఉన్నయో ఒక కాగితం రాసి గోడకు అంటిస్తే చాలు, ఖర్చు లేని పని. మామునూరు కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) లాంటి చోట పుట్ట ఈగలను, ఇటాలియన్ ఈగలను పెంచుడు మీద ఏడాదికి రెండుసార్లన్న ట్రైనింగ్ పెడితే మా దిక్కు పిల్లలు వస్తరు, నేను కూడ నా డబ్బాలు తెచ్చి చూపెడ్త. హన్మకొండ రైతుబజార్ల తేనె తేమ చూసే చిన్న మిషన్, రిఫ్రాక్టోమీటర్ అంటరు, చేతిల పట్టేంత ఉంటది, అది ఒకటి పెడితే కొనేటోళ్లు ఆడనే ఒక చుక్క వేసి చూసుకుంటరు. అది చక్కెర పాకాన్ని పట్టియ్యదు, పక్వం కాని తేనెను మాత్రం పట్టిస్తది.

మీ పేపర్ మా ఊరి హోటల్ కాడ పొద్దుగాల పదిమంది చదువుతరు, ఒకడు చదివితే మిగతావాళ్లు వింటరు. ఆ తేనె చిట్కాలు మళ్ల వేసేటట్టయితే పేరుకునుడు తప్పు కాదనేది, ఏడాది లోపు పిల్లలకు వద్దనేది ముందుగాల వేయుర్రి. వ్యవసాయం పేజీల మిర్చి మందుల పేర్లు, మోతాదులు రాసే కాడ మందు కొట్టే టైం కూడ రాయుర్రి, పొద్దుమీకినంక అని. హన్మకొండ మేడంకు సీసా వాపస్ తీసుకుంట అని చెప్పిన, ఆమె మాత్రం నీళ్లల్ల పెట్టి చూస్త అన్నది.

ఇట్లు,
ఒక తేనె రైతు,
నర్సంపేట దగ్గర, వరంగల్ జిల్లా